సుఖం ఎవరిది, ఎదురుచూపు ఎవరిది?

'సుఖవ్యాధులు' అనే మాటని తెలుగులో ఎవరు పుట్టించారో గానీ, పుట్టించింది మగవాడేనని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సుఖం ఎవరికి, వ్యాధి ఎవరికి అన్న లెక్క ఆ మాటలో లేదు. సుఖం అనేదొకటుందని తెలియకుండానే పదిహేనేళ్ళ కాపురం, మూడు కాన్పులు దాటిన స్త్రీకి కూడా ఆస్పత్రి గోడల మీదా, పత్రికల ఆరోగ్య శీర్షికల్లోనూ అంటించే పేరు అదే. మశూచికి అమ్మవారని ఆడపేరు పెట్టుకున్నాం. మగవాడు ఇంటికి మోసుకొచ్చినదానికి మాత్రం సుఖం అని పేరు పెట్టాం. హెచ్.ఐ.వి. పరీక్షకి రక్తం ఇచ్చి ఫలితం కోసం ఎదురుచూసే స్త్రీ భయం గురించి మాట్లాడాలంటే ఈ మాట దగ్గరే మొదలుపెట్టాలి. ఆమె ఆ కాగితంలో చదవబోయేది తన రక్తం గురించి కాదనీ, తన నడత గురించనీ ఈ భాష ముందే చెప్పేసింది.

ఈ ఎదురుచూపుని ఎలా తట్టుకోవాలో చెప్పే సలహాలకి కొదవలేదు. గాఢంగా ఊపిరి తీసుకోండి, ధ్యానం చేయండి, మనసుని వేరే పనిమీదకి మళ్ళించండి, అనవసరంగా ఊహించుకోకండి. ఊపిరి తీసుకోవద్దని నేననను. నా తగాదా ఆ 'అనవసరంగా' అన్న మాటతో. ఫలితం కోసం చూసే స్త్రీ మనసులో నడిచేవి పిచ్చి ఊహలు కావు. అవి లెక్కలు. పాజిటివ్ అని వస్తే ఎవరికి ముందు తెలుస్తుంది, పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచుతారు, పుట్టింటి గుమ్మం తెరుచుకుంటుందా, ఒంటిమీది నాలుగు కాసులు ఎవరి బీరువాలో ఉన్నాయి, వంటింట్లోకి రానిస్తారా. ఆమె చుట్టూ ఉన్న ప్రపంచం ఎలాంటిదో ఆమెకి బాగా తెలుసు కాబట్టే ఈ భయం. దాన్ని మనోవ్యాధి అనడం సులువు. అలా అంటే ఇంటినీ ఆస్పత్రినీ ఏమీ అడగనక్కర్లేదు.

ముందు వైరస్ అడిగే గడువేమిటో చూద్దాం, ఎందుకంటే అది నిజానికి చాలా చిన్నది. వైరస్ ఒంట్లోకి వచ్చాక పరీక్షకి అందడానికి కొన్ని రోజులు పడుతుంది. దాన్నే విండో పీరియడ్ అంటున్నారు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష 10 నుంచి 33 రోజుల్లో పట్టుకోగలదు. సిర నుంచి తీసిన రక్తంతో లేబొరేటరీలో చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్షకి 18 నుంచి 45 రోజులు. యాంటీబాడీలని మాత్రమే చూసే రాపిడ్ పరీక్షకి 23 నుంచి 90 రోజులు. అంటే ఏ పరీక్ష అయినా మూడు నెలలు దాటాక, మధ్యలో కొత్త ప్రమాదం లేకపోతే, 'నెగటివ్' అంటే నెగటివే. ఆ తర్వాత ప్రతి నెలా వెళ్ళి మళ్ళీ మళ్ళీ రక్తం ఇవ్వనక్కర్లేదు.

రెండో వైపు కూడా ఒక లెక్క ఉంది, దీన్ని ఎవరూ విడమర్చి చెప్పరు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళు 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. దేశం లెక్కే తీసుకుని, పదివేల మందిలో 20 మందికి వైరస్ ఉందనుకుందాం. మొదటి పరీక్ష వైరస్ లేనివాళ్ళలో వెయ్యికి ఐదుగురి విషయంలో పొరబడుతుందనుకుందాం. వైరస్ లేని 9,980 మందిలో దాదాపు 50 మందికి అది లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. మొత్తం 70 మందికి 'రియాక్టివ్' అని వస్తే, అందులో 50 మందికి వైరస్ లేదు! అందుకే మన జాతీయ నిబంధనల ప్రకారం ఒక్క కిట్‌తో ఎవరినీ పాజిటివ్ అని ప్రకటించకూడదు, మూడు వేర్వేరు కిట్లూ ఒకే మాట చెప్పాలి. ఫలితం ఎటూ తేలకపోతే 14 రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ పద్నాలుగు రోజులే వైరస్ అడిగేవి. మిగతా భయమంతా మనం కలిపింది.

ఎలా కలిపామో నాకు తెలిసిన శాస్త్రంలోంచి చెబుతాను. నేను చదువుకున్నది సాహిత్యం. మన ఆలంకారికులు నాయికల్ని ఎనిమిది రకాలుగా విభజించారు. ఆ విభజన అంతా స్త్రీ ఎవరి కోసం, ఎలా ఎదురుచూస్తోంది అన్నదాని మీదే. భర్త దూరదేశం వెళితే ప్రోషితభర్తృక. రాత్రంతా మరొకరి దగ్గర గడిపి, ఒంటిమీద గోటి గుర్తులతో తెల్లారి ఇంటికొచ్చిన నాయకుణ్ణి చూసి కోపించేది ఖండిత. శతాబ్దాల పాటు మన కవులు ఆ గోటి గుర్తుల్ని శృంగారంగా వర్ణించారు, మనమూ తరగతుల్లో తలవంచుకుని వ్యాఖ్యానించాం. ఖండితకి ఒక సౌకర్యం ఉండేది. ఆమెకి గుర్తులు కనిపించేవి. వైరస్ ఏ గుర్తూ పెట్టదు. ఏళ్ళ తరబడి మనిషి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. ఈనాటి ఖండితకి కోపగించుకునే అవకాశం కూడా లేదు, అనుమానం ఒక్కటే ఉంది. ఆ అనుమానాన్ని నోరు తెరిచి అడిగితే 'నువ్వెలాంటిదానివో' అన్న ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

విశాఖపట్నం ప్రోషితభర్తృకల ఊరు. 1933లో ఓడరేవు తెరిచినప్పటి నుంచీ ఈ ఊరి బతుకు వచ్చేపోయే మగవాళ్ళ మీద నడుస్తోంది. ఓడల మీద నెలల తరబడి ఉండేవాళ్ళు, నౌకాదళం వాళ్ళు, రేవులోంచి సరుకెత్తుకుని జాతీయ రహదారి పట్టే లారీ డ్రైవర్లూ క్లీనర్లూ. ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కాంట్రాక్టు పనికొచ్చి గాజువాక చుట్టూ అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళు. అటు సముద్రమ్మట ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకి పోతారు. ఈ ప్రయాణాల్ని నేను నేరంగా చూడను. పెళ్ళాం పిల్లల్ని దగ్గర పెట్టుకునే గది ఇవ్వని కంపెనీ, ఊళ్ళో పని లేకుండా చేసిన అభివృద్ధి, వీటిని వదిలేసి లారీ డ్రైవరు నడత గురించి మాట్లాడ్డం నాకు చేతకాదు. కానీ ఇంటిదగ్గర ఎదురుచూసే మనిషి గురించి ఈ ఊరి ఆరోగ్య పథకాలు ఎంత మాట్లాడాయి?

2000ల మొదట్లో మన బస్సుల మీదా, కూడళ్ళలోనూ వెలసిన ప్రశ్న గుర్తుందా? పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? రాష్ట్రమంతా ఆ ప్రశ్నతో నవ్వుకుంది. అమ్మాయిలు కాలేజీకి నడిచి వెళుతుంటే ఆకతాయి మూకలకి అదొక వెక్కిరింత కూడా అయింది. కండోము అన్న మాటని ఇళ్ళలోకి తెచ్చిన ప్రచారం అది, ఆ మేలు కాదనను. అయితే కథానాయకుడి పేరు చూడండి. పులి, పైగా రాజా. ప్రశ్న అంతా అతనికి వస్తుందా రాదా అన్నదే. పులిరాజా సాయంత్రానికి ఏ ఇంటికి వెళతాడు, ఆ ఇంట్లో ఉన్నావిడకి వస్తుందా అని ఏ బస్సు మీదా అడగలేదు. అడిగితే హాస్యం చచ్చిపోయేది మరి!

పథకాల పరిభాషా అంతే. సెక్స్‌వర్కర్లని ప్రమాదం ఎక్కువున్న వర్గం అన్నారు. లారీ డ్రైవర్లని, వలస కూలీలని వారధి జనాభా అన్నారు. మిగతావాళ్ళంతా సాధారణ ప్రజలు. వారధికి ఒక కొసన సెక్స్‌వర్కర్ పేరు రాశారు, రెండో కొసన భార్య అన్న మాట రాయలేదు. 1986లో మద్రాసులో దేశంలో తొలిసారి హెచ్.ఐ.వి. బయటపడింది కూడా సెక్స్‌వర్కర్ల రక్తంలోనే, వెతికింది వాళ్ళ రక్తంలో కాబట్టి. అప్పటినుంచీ 'అలాంటి ఆడవాళ్ళు' ఒక పక్క, 'ఇల్లాళ్ళు' ఒక పక్క. ఈ గీత సెక్స్‌వర్కర్లకి ఎంత ద్రోహం చేసిందో వాళ్ళే చెప్పారు, చెబుతున్నారు. ఇల్లాలికి చేసిన ద్రోహం వేరు. పతివ్రతకి ప్రమాదం లేదని నమ్మించి, పరీక్షలో తేడా వచ్చిన రోజున 'అయితే నువ్వు పతివ్రతవి కావన్నమాట' అనే వీలు కల్పించింది.

చివరికి ఇల్లాలి రక్తాన్ని వెతికారు, ఆమె కోసం కాదు, ఆమె కడుపులో బిడ్డ కోసం. తల్లి నుంచి బిడ్డకి వైరస్ చేరకుండా ఆపే కార్యక్రమం మంచిదే. ఏ చికిత్సా లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకి సోకే చోట, మందులతో దాన్ని 5 శాతం లోపుకి తేవచ్చు. కానీ దాని పర్యవసానం ఒకటి ఉంది. గర్భిణి కాబట్టి ఇంట్లో మొదట పరీక్ష జరిగేది ఆమెకి. మొదట తెలిసేది ఆమెకి. మొదట తెలిసింది ఆమెకి కాబట్టి మొదట తెచ్చింది కూడా ఆమే! భర్త పరీక్ష చేయించుకోడానికి 'డ్యూటీ' అడ్డం వస్తుంది, చేయించుకునేదాకా అతను శుద్ధుడు. 2006లో ఎన్.సి.ఎ.ఇ.ఆర్. మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో, హెచ్.ఐ.వి.తో ఉండి భర్తని పోగొట్టుకున్న స్త్రీలలో అత్యధికులకి భర్త ఆస్తిలో వాటా దక్కలేదని తేలింది. ఫలితం కోసం కూర్చున్న స్త్రీ భయం అనవసరమైనదని ఇప్పుడు చెప్పండి.

నా అనుభవం ఒకటి ఇక్కడ చెప్పాలి. 2022లో గర్భసంచిలో గడ్డలు తీయించుకోడానికి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షలతో పాటు హెచ్.ఐ.వి. పరీక్షా చేశారు. నన్ను అడగలేదు. నేను సంతకం పెట్టింది ఆపరేషన్ కాగితం మీద. మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చి, "మేడమ్, మీ వారిని డాక్టరుగారు ఒకసారి రమ్మంటున్నారు" అంది. రక్తం నాది, పిలుపు ఆయనకి. పది నిమిషాల తర్వాత నా సహచరుడు తిరిగొచ్చి నా మంచం పక్కన కూర్చుని, చాలా మెల్లగా అడిగిన మొదటి ప్రశ్న, "నాకేమైనా చెప్పాల్సింది ఉందా నీకు?" అతను మంచివాడు. ఇప్పటికీ మంచివాడే. అయినా ఆ క్షణంలో అతని నోట వచ్చిన ప్రశ్న అతనిది కాదు, మన సమాజానిది. తనకి పరీక్ష చేయించుకోవాలన్న ఆలోచన అతనికి వచ్చింది మూడో రోజున.

ఆపరేషన్ వాయిదా వేశారు. రెండో ఆస్పత్రిలో మళ్ళీ రక్తం ఇచ్చి, ఫలితం చేతికొచ్చేసరికి మొత్తం ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రాత్రుల్లో నేను చావు గురించి ఒక్కసారీ భయపడలేదు. ఈ రోజున మందులతో మామూలు ఆయుష్షు బతకొచ్చని నాకు తెలుసు. నేను భయపడింది మా అత్తగారి ఫోను గురించి. కాలేజీ స్టాఫ్‌రూములో నా కప్పు గురించి. పాపని ఎత్తుకోవడానికి ఎవరైనా నా చేతుల వంక చూస్తారేమోనని. నాకు డాక్టరేట్ ఉంది, నా జీతం నా అకౌంటులో పడుతుంది, వైద్య వ్యాసాలు వెతికి చదువుకునే ఇంగ్లీషు ఉంది. ఇవేవీ లేని మనిషి ఆ మంచం మీద ఉంటే? తర్వాత చేసిన పరీక్షలన్నీ నెగటివ్ వచ్చాయి. నేను పైన చెప్పిన ఆ 50 మందిలో ఒకదాన్ని. 'అమ్మయ్య' అన్నవాళ్ళే అందరూ. పాజిటివ్ వచ్చి ఉంటే తప్పు నాదయ్యేది, రాలేదు కాబట్టి అదృష్టం నాదైంది. అడగకుండా రక్తం పరీక్షించి, నాకంటే ముందు మరొకరికి చెప్పినవాళ్ళది మాత్రం ఏమీ కాలేదు.

అది నేరం కాదా? హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. సమాచారంతో కూడిన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదని, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉండాలని అది చెబుతోంది. అనుమతి లేకుండా ఫలితాన్ని మరొకరికి వెల్లడించకూడదు. అత్తగారికి, అన్నకి, యజమానికి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. గోప్యత అంటూ గోడ కడితే, ఆ గోడ వెనక దాక్కునేది ఎక్కువగా భర్తలే కదా? తమిళనాడు నామక్కల్‌కి చెందిన పి. కౌసల్యకి 1995లో లారీ డ్రైవరైన బంధువుతో పెళ్ళి చేశారు. అతనికి హెచ్.ఐ.వి. ఉందని అతనికీ, అతని ఇంట్లోవాళ్ళకీ తెలుసు. తెలియనిది ఆమెకి ఒక్కదానికే. ఆమె తర్వాత నోరు విప్పి, 1998లో పాజిటివ్ మహిళల సంఘాన్ని నిర్మించింది. మగవాడి ఫలితం విషయంలో కుటుంబమంతా గోప్యత పాటిస్తుంది, ఆడదాని ఫలితం విషయంలో వరండాలోనే అది వీధిన పడుతుంది. మన ఆస్పత్రులకి గోప్యత తెలియక కాదు, ఎవరిని కాపాడాలో వాళ్ళకి ముందే తెలుసు.

ఈ చిక్కుని చట్టం గుర్తించింది. తొమ్మిదో సెక్షన్ ప్రకారం, భాగస్వామికి నిజమైన ప్రమాదం ఉండి, పాజిటివ్ అయిన వ్యక్తి కౌన్సెలింగ్ తర్వాత కూడా చెప్పడని తేలితే, ఆ వ్యక్తికి ముందుగా తెలియజేసి, డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ భాగస్వామికి చెప్పవచ్చు. అంటే కౌసల్య లాంటి స్త్రీకి తెలిసే దారి ఉంది. అదే సెక్షన్ మరో మాటా అంటోంది. చెప్పడం వల్ల హింస, వదిలివేత, ప్రాణానికో మనసుకో తీవ్రమైన హాని జరుగుతుందన్న భయం సహేతుకంగా ఉంటే, ముఖ్యంగా స్త్రీల విషయంలో, చెప్పకూడదు. ఈ వాక్యం ఎంత అరుదైనదో గమనించండి. స్త్రీ భయాన్ని ఒక చట్టం సహేతుకమైనదని ఒప్పుకుంది! మన సలహాల శీర్షికలు ఇంకా అక్కడికి చేరలేదు.

పెళ్ళికి ముందు అందరికీ హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి చేయాలన్న ఆలోచన 2000ల్లో మన రాష్ట్రంలో బాగా వినిపించింది. ఇప్పటికీ పెళ్ళిచూపుల తర్వాత జాతకంతో పాటు ఆ కాగితం కూడా అడుగుదామనే ఆడపిల్లల తండ్రులున్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ విండో పీరియడ్‌లో తీసుకున్న నెగటివ్ కాగితం పెళ్ళిరోజుకే పాతబడిపోతుంది, పెళ్ళయిన మూడేళ్ళ తర్వాత వేరావల్ నుంచి వచ్చే మనిషి గురించి అది ఏమీ చెప్పదు. ఆ స్త్రీకి కావలసింది కాగితం కాదు, ఆ రాత్రి కండోము వాడమని అడిగి కూడా ఇంట్లో ఉండగలగడం.

మరి ఎదురుచూసే స్త్రీకి ఏం చెప్పాలి? ధైర్యంగా ఉండమని చెప్పకండి, తేదీ చెప్పండి. ప్రమాదం జరిగింది ఏ రోజు, చేసిన పరీక్ష ఏది, ఆ పరీక్ష మాటని పూర్తిగా నమ్మగలిగే రోజు ఏది, ఇవి కాగితం మీద రాసి ఆమె చేతికి ఇవ్వాలి. ఎప్పటికి ముగుస్తుందో తెలిసిన ఎదురుచూపు వేరు, తెలియనిది వేరు. ప్రమాదం జరిగి 72 గంటలు దాటకపోతే 28 రోజులు వాడే నివారణ మందులు ఉన్నాయని చెప్పాలి. సూది గుచ్చుకున్న డాక్టరుకి ఈ సంగతి తెలుసు. అత్యాచారానికి గురైన స్త్రీకి చెప్పాలన్న నియమమైనా ఉంది. ప్రమాదం భర్త రూపంలో ప్రతి రాత్రీ పక్కనే ఉన్న ఇంట్లో ఆ 72 గంటలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో ఏ కరపత్రమూ చెప్పదు. అలాంటి స్త్రీకి పరీక్ష కంటే ముందు కావలసింది వద్దు అనగలిగే చోటు.

ఫలితం రాకముందే ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో ఆమెతో కూర్చుని తేల్చాలి. నమ్మకమైన మనిషి ఒక్కరు చాలు, అది అక్క కావచ్చు, పక్కింటి ఆవిడ కావచ్చు, 1097కి ఫోన్ చేస్తే పలికే అపరిచితురాలు కావచ్చు. పాజిటివ్ వస్తే ఏమవుతుందో ముందే చెప్పాలి. 2004 ఏప్రిల్‌లో మన దేశంలో ఉచిత ఎ.ఆర్.టి. మొదలైంది. 2017 నుంచి కణాల లెక్క కోసం ఆగకుండా పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ ఇస్తున్నారు. విశాఖలో కె.జి.హెచ్.లోనే ఆ కేంద్రం ఉంది. మందులు సరిగ్గా వాడి రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గి అలాగే నిలిస్తే, లైంగికంగా మరొకరికి సోకదు. ఈ చివరి వాక్యం మన ఊళ్ళ గోడల మీద పులిరాజా ప్రశ్న అంత పెద్దక్షరాల్లో ఎందుకు లేదు?

ఇవన్నీ చెప్పాల్సిన కౌన్సెలర్ల గురించి ఒక మాట. ప్రభుత్వ పరీక్షా కేంద్రాల్లో పనిచేసే వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. తన ఉద్యోగం వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని మనిషి ఎదుట, తన ఇల్లు రేపు ఉంటుందో లేదో తెలియని మనిషి కూర్చుంటుంది. ఆ ఇద్దరి మధ్యా తలుపు వేసుకునే గది అయినా ఉండాలి. ఆ గది తలుపు మీద తొమ్మిదో సెక్షన్‌ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో అంటించాలి. లోపలి ఫారంలో 'భర్త పేరు' అన్న గడి దగ్గర ఆగిపోయిన స్త్రీని, ఎందుకాగావని అడిగే తీరిక ఆ కౌన్సెలర్‌కి ఉండాలి.